ఇన్సూరెన్స్ ఏజెన్సీ తీసుకోమంటున్నారా? ఫారం నింపే ముందు ఈ లెక్క చూడండి



పేరెంట్స్ మీటింగ్‌లో ప్రోగ్రెస్ కార్డు మాటలు అయిపోయాక కొందరు తల్లిదండ్రులు తరచుగా ఇంకో మాట అడుగుతారు. "మేడమ్, ఇన్సూరెన్స్ ఏజెన్సీ తీసుకోమంటున్నారు. పెట్టుబడి లేదట, ఖాళీ టైమ్‌లో చేసుకోవచ్చట. తీసుకోమంటారా?" ఇలా అడిగేవారిలో కిరాణా షాపు నడిపేవారు ఉంటారు, జీడితోట ఉన్నవారు ఉంటారు, పిల్లలు స్కూలుకి వెళ్లాక నాలుగైదు గంటలు ఖాళీ దొరికే తల్లులూ ఉంటారు. టర్మ్ ఫీజుకైనా కలిసొస్తుందన్న ఆశ అందరిదీ. ఆ ఆశలో తప్పు లేదు. ఎల్‌ఐసీ ఒక్కదానికే దేశంలో 13 లక్షలకు పైగా ఏజెంట్లు ఉన్నారు. అందులో ఆ కమీషన్‌తోనే పిల్లల్ని ఇంజినీరింగ్ చదివించినవారు ఉన్నారు. రెండేళ్లలో మానేసి, చుట్టాల ఇళ్లకు వెళ్లడం కూడా తగ్గించుకున్నవారూ ఉన్నారు.

ఈ ఇద్దరికీ తేడా మాటకారితనంలో ఉందని చాలామంది అనుకుంటారు. నిజానికి తేడా మూడు విషయాల్లో ఉంటుంది. మొదటి రెండు మూడేళ్లు ఆదాయం తక్కువైనా ఇల్లు నడుస్తుందా? చుట్టాలు అయిపోయాక కూడా పలకరించడానికి మనుషులు ఉన్నారా? అవసరం లేని చోట "మీకు ఈ పాలసీ వద్దు" అని చెప్పగలరా? సీతంపేట లాంటి చిన్న ఊళ్లో మూడో ప్రశ్న అన్నిటికంటే పెద్దది. ఎందుకో వివరంగా చూద్దాం.

ఏజెంటు ఉద్యోగి కాదు

మన తెలుగువారికి బీమా కొత్తది కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. 1925లో అక్కడే ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ కూడా మొదలుపెట్టారు. 1956లో ప్రభుత్వం దేశంలోని 245 జీవిత బీమా సంస్థలను కలిపి ఎల్‌ఐసీని ఏర్పాటు చేసింది. మన దగ్గర చింతపండు, కొండచీపుర్లు కొనే గిరిజన సహకార సంస్థ, అంటే మన జీసీసీ, పుట్టింది కూడా 1956లోనే. తర్వాత ప్రైవేటు కంపెనీలు వచ్చాయి. వాటన్నిటినీ అదుపు చేసే ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది.

ఏజెంటుకు నెల జీతం ఉండదు. పీఎఫ్, ఈఎస్ఐ ఉండవు. పాలసీ చేయిస్తే కమీషన్, లేకపోతే లేదు. "మీకు మీరే బాస్" అని చెప్పేది ఈ అర్థంలోనే. టైమ్ విషయంలో స్వేచ్ఛ నిజమే కానీ, అమ్మే సరుకు విషయంలో అంత స్వేచ్ఛ లేదు. మామూలు ఏజెంటు ఒక జీవిత బీమా కంపెనీకి, ఒక జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీకి, ఒక హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీకి మాత్రమే పనిచేయగలరు. రెండు జీవిత బీమా కంపెనీల పాలసీలు పక్కపక్కన పెట్టి "ఇది బాగుంది, అది బాగోలేదు" అని అమ్మడం కుదరదు. అనేక కంపెనీల పాలసీలు చూపించాలంటే బ్రోకర్ సంస్థ దగ్గర పీఓఎస్‌పీగా చేరే దారి ఉంది. అయితే పీఓఎస్‌పీలు సులువుగా ఉండే కొన్ని రకాల పాలసీలే అమ్మాలి.

అర్హత పెద్దదేమీ కాదు. 18 ఏళ్లు నిండి, పదో తరగతి పాసైతే చాలు. కంపెనీ ఇచ్చే ట్రైనింగ్ అయ్యాక ఐసీ-38 అనే ఆన్‌లైన్ పరీక్ష రాయాలి. 50 ప్రశ్నలు, గంట సమయం, 35 శాతం వస్తే పాస్. తెలుగులోనూ రాయవచ్చు. సెంటర్ ఏ ఊళ్లో పడుతుందో, ఫీజు ఎవరు కడతారో ముందే అడగండి.

ప్రభుత్వ ఉద్యోగం చేస్తున్న తల్లిదండ్రులకు ఒక మాట. ఐటీడీఏలో, గురుకులాల్లో, మండల ఆఫీసుల్లో పనిచేసేవారు తమ పేరు మీద ఏజెన్సీ తీసుకోవడానికి సర్వీసు ప్రవర్తనా నియమాలు అడ్డొస్తాయి. భార్య పేరు మీద తీసుకుని, ఆఫీసులో తోటివారి దగ్గర తనే పాలసీలు అడగడం కూడా చిక్కే. ఇంట్లోవాళ్లు ఏజెన్సీ తీసుకుంటే మీ శాఖకు ఏం తెలియజేయాలో ముందే కనుక్కోండి.

ఇంకొకటి. మిమ్మల్ని చేరమంటున్న డెవలప్‌మెంట్ ఆఫీసరుకు గానీ, ప్రైవేటు కంపెనీ మేనేజరుకు గానీ ఎంతమంది ఏజెంట్లను చేర్చాలి, వాళ్ల ద్వారా ఎంత బిజినెస్ రావాలి అనే లెక్క ఉంటుంది. అతను మంచివాడే కావచ్చు, మీ మేలు కోరే చెప్తుండవచ్చు. కానీ మీరు చేరడం అతనికీ లాభమే అన్నది గుర్తుంచుకుని వినండి.

డబ్బు లెక్క పేపరు మీద పెడదాం

కమీషన్ కంపెనీని బట్టి, పాలసీని బట్టి మారుతుంది. 2024 అక్టోబర్‌లో ఎల్‌ఐసీ మొదటి ఏడాది కమీషన్ తగ్గించి, తర్వాతి ఏళ్ల కమీషన్ పెంచింది. మన లెక్కకు ఉదాహరణగా మొదటి ఏడాది 25 శాతం, తర్వాతి ఏళ్లలో 5 శాతం అనుకుందాం. మీ కంపెనీ రేటు తెలిశాక ఆ అంకెలు మార్చి మళ్లీ వేసుకోండి.

నెలకు 2 పాలసీల చొప్పున ఏడాదికి 24 పాలసీలు చేశారు. ఒక్కో పాలసీకి ఏడాది ప్రీమియం 20,000 రూపాయలు. మొత్తం ప్రీమియం 4,80,000. మీ కమీషన్ 1,20,000, అంటే నెలకు 10,000. పెట్రోలు, ఫోను, జిరాక్సులు, టీ ఖర్చులు కలిపి నెలకు 2,500 తీసేస్తే మిగిలేది 7,500. మీటింగుల్లో చూపించే లెక్క దాదాపు ఇలాగే ఉంటుంది.

ఇప్పుడు మన ఊరి లెక్క వేద్దాం. ఏడాదికి 20,000 కట్టగలిగే ఇళ్లు మీకు తెలిసినవాటిలో 24 ఉన్నాయా? సగటు ప్రీమియం 8,000 అనుకోండి. మొత్తం 1,92,000. కమీషన్ 48,000, నెలకు 4,000. ఖర్చు 2,500 పోతే చేతికి 1,500. పని మాత్రం అంతే ఉంటుంది, తిరగాల్సిన కొండ దారి కూడా అంతే. టీడీఎస్ కోత దీనికి అదనం.

మరి ఏజెంట్లు ఎలా నిలబడుతున్నారు? రెన్యూవల్ కమీషన్ మీద. ఏటా 24 పాలసీలు చేస్తూ, వాటిలో 20 చొప్పున నిలిస్తే, 5 ఏళ్లకు 100 పాలసీలు నడుస్తుంటాయి. ఒక్కోదానికి 20,000 ప్రీమియం అనుకుంటే 20 లక్షలు. దాని మీద 5 శాతం అంటే, ఆరో ఏడాది కొత్త పాలసీ ఒక్కటి చేయకపోయినా లక్ష రూపాయలు వస్తాయి. అదే 24లో 12 మాత్రమే నిలిస్తే 60 పాలసీలు, 60,000 రూపాయలు. కష్టం ఇద్దరిదీ ఒకటే. ఒకరు కట్టగలిగేవాళ్లకు చేయించారు, ఇంకొకరు ఎవరు దొరికితే వాళ్లకు చేయించారు.

అందుకే ఈ పనిలో ఎన్ని పాలసీలు చేశామన్నదాని కంటే, ఎన్ని రెండో ఏడాది దాటాయన్నది ముఖ్యం. కంపెనీలు దీన్ని పర్సిస్టెన్సీ అంటాయి.

కొండ ప్రాంతంలో పాలసీ ఎందుకు ఆగిపోతుంది

సీతంపేట మండలంలో చాలా ఇళ్లకు నెల జీతం లేదు. పసుపు, చింతపండు, జీడిపిక్కలు, అనాస, ఏ పంట కాలంలో ఆ డబ్బు. పంట అమ్మిన వారం చేతిలో నోట్లు ఉంటాయి, వానాకాలం మధ్యలో ఉప్పూ పప్పూ కూడా అరువే. ఇలాంటి ఇంటికి నెలనెలా కట్టే పాలసీ చేయిస్తే అది మొదటి వానాకాలంలోనే ఆగిపోతుంది. నెలవారీ ప్రీమియానికి గడువు దాటాక ఇచ్చే గ్రేస్ 15 రోజులే. ఏడాదికి ఒకసారి కట్టే పద్ధతిలో అది 30 రోజులు. జీడి డబ్బు వచ్చే నెలకు పాలసీ తేదీ కుదిరేలా, ఏడాదికి ఒకసారి కట్టేలా చేయిస్తే అదే రైతు పదేళ్లు కట్టగలడు. ఇది పుస్తకంలో ఉండదు. ఊరు తెలిసిన ఏజెంటుకే తెలుస్తుంది.

భాష కూడా అంతే. సవరల ఇళ్లలో పెద్దవాళ్లకు తెలుగు వచ్చినా, డబ్బు విషయం సవర భాషలో వింటేనే మనసుకు పడుతుంది. "మధ్యలో ఆపితే కట్టిందంతా తిరిగి రాదు" అనే ఒక్క వాక్యం వాళ్ల భాషలో స్పష్టంగా చెప్పగలిగిన మనిషికి ఇక్కడ విలువ ఉంది. సవర వచ్చిన మన తల్లిదండ్రులకు ఇది బయటి ఏజెంట్లకు లేని బలం.

కష్టాలూ ఉన్నాయి. ఊరికీ ఊరికీ మధ్య దూరం, కొన్ని గూడేలకు ఫోను సిగ్నల్ లేకపోవడం, ఆధార్‌లో ఒక పుట్టిన తేదీ, స్కూల్ సర్టిఫికెట్‌లో ఇంకొకటి. ఒక్క పాలసీకి మూడు సార్లు కొండ ఎక్కాల్సి రావచ్చు. క్లెయిమ్ వచ్చినప్పుడు మరణ ధృవీకరణ పత్రం, నామినీ బ్యాంకు ఖాతా, పేర్లలో అక్షరాల తేడాలు, ఇవన్నీ సరిచేయించడానికి ఏజెంటే తిరగాలి. దానికి విడిగా కమీషన్ ఏమీ రాదు. అయినా ఊళ్లో మీ పేరు నిలబడేది ఆ రోజే.

"మావయ్యా, ఇది మీకు వద్దు"

ఏజెన్సీ తీసుకున్న మొదటి నెలలో అందరూ చేసేది ఒకటే. పిన్ని, బావ, తోడికోడలు, చీటీ వేసే స్నేహితురాలు. కాదనలేక పది మంది తీసుకుంటారు. మూడో నెలకు లిస్టు అయిపోతుంది. రెండో ఏడాది వాళ్లలో సగం మంది కట్టరు. కట్టకపోగా, "నీ మాట విని చేశాను" అని పెళ్లిళ్లలో ఎదురైనప్పుడు అంటారు. టార్గెట్ కోసం కొందరు ఏజెంట్లు మొదటి ప్రీమియం తామే కట్టేస్తారు. ఇంకొందరు కమీషన్‌లో వాటా ఇస్తామంటారు. ఇలా కమీషన్‌లో భాగం పాలసీదారుకు ఇవ్వడాన్ని 1938 నాటి బీమా చట్టం 41వ సెక్షన్ నిషేధించింది. జరిమానా 10 లక్షల రూపాయల వరకు ఉంది.

నిజాయితీ ఉన్న ఏజెంటు ఎలా మాట్లాడతారో చూడండి. "మావయ్యా, మీకు 45 ఏళ్లు, నెలకు కచ్చితంగా వచ్చే డబ్బు లేదు. ముందు బ్యాంకులో 436 రూపాయల జీవన్ జ్యోతి, 20 రూపాయల సురక్షా బీమా తీసుకోండి. చెరొక 2 లక్షలు. పెద్ద పాలసీ సంగతి పిల్లాడికి ఉద్యోగం వచ్చాక చూద్దాం." ఈ మాట వల్ల ఆ రోజు ఏజెంటుకు పెద్దగా వచ్చేదేమీ లేదు. కానీ ఆ మావయ్య సంతలో పది మందికి చెప్తాడు. చిన్న ఊళ్లో ప్రకటన అంటే అదే. ఇలా చెప్పడానికి మీ మనసు ఒప్పుకోవాలి, ఇంట్లో ఆ నెల ఖర్చు కూడా ఒప్పుకోవాలి. రేపటి ఫీజుకు ఈ కమీషనే దిక్కు అయితే, ఎంత మంచివారికైనా ఆ మాట నోటి దాకా రాదు.

అగ్రిగోల్డ్ మరిచిపోవద్దు

"ఏజెంటు" అనే మాట వినగానే మన రాష్ట్రంలో పెద్దవాళ్లు ఉలిక్కిపడటానికి కారణం ఉంది. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ సుమారు 32 లక్షల మంది నుంచి 6 వేల కోట్ల రూపాయలకు పైగా సేకరించి, 2014-15 నాటికి చేతులెత్తేసింది. 2019లో, 2021లో రాష్ట్ర ప్రభుత్వం చిన్న డిపాజిటర్లకు కొంత డబ్బు చెల్లించాల్సి వచ్చింది. ఆ డబ్బు వసూలు చేసింది ఊళ్లలోని మామూలు మనుషులే. కంపెనీ ఎక్కడో ఉంది, ఏజెంటు పక్క వీధిలో ఉన్నాడు. జనం ఎవరి గుమ్మం ముందుకు వచ్చి ఉంటారో చెప్పక్కర్లేదు. చాలామంది ఏజెంట్లు తమ సొంత డబ్బు కూడా అందులోనే పోగొట్టుకున్నారు.

అగ్రిగోల్డ్ ఇన్సూరెన్స్ కంపెనీ కాదు. ఐఆర్‌డీఏఐ అనుమతి ఉన్న బీమా కంపెనీల మీద నిఘా, నిబంధనలు వేరు. అయినా ఏజెంటుగా చేరేవారికి పాఠం ఉంది. కంపెనీ పేరు ఐఆర్‌డీఏఐ జాబితాలో ఉందో లేదో చూశాకే చేరండి. "కమీషన్ భారీగా ఉంది, ఇంకో ఇద్దర్ని చేర్పిస్తే ఇంకా వస్తుంది" అంటే దూరంగా ఉండండి. ప్రీమియం నగదు తీసుకుని మీ నోటుపుస్తకంలో రాసుకోవద్దు. కంపెనీ రసీదు వెంటనే ఇప్పించండి, వీలైతే వాళ్ల బ్యాంకు ఖాతా నుంచే కట్టించండి. పాలసీ బాండు చేతికి వచ్చాక 30 రోజుల్లోపు నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయవచ్చని, ఫిర్యాదు ఉంటే 155255కు ఫోన్ చేయవచ్చని మీరే చెప్పండి. ఈ రెండూ చెప్పే ఏజెంటును జనం అనుమానించరు.

తల్లుల కోసం: బీమా సఖి

2024 డిసెంబర్ 9న హర్యానాలోని పానిపట్‌లో ప్రధానమంత్రి ప్రారంభించిన ఎల్‌ఐసీ బీమా సఖి పథకం గురించి చాలామంది తల్లులు అడిగారు. 18 నుంచి 70 ఏళ్ల మహిళలు, పదో తరగతి పాసైనవారు చేరవచ్చు. కమీషన్ కాక, మొదటి ఏడాది నెలకు 7,000, రెండో ఏడాది 6,000, మూడో ఏడాది 5,000 రూపాయల స్టైపెండ్ ఉంటుంది. మొదటి మూడేళ్లే కష్టం అని పైన చెప్పుకున్నాం కదా, ఆ కష్టానికి ఇది ఆసరా.

కానీ షరతులు చదవండి. ఇది ఉద్యోగ నియామకం కాదు. ఏడాదికి 24 మందికి పాలసీలు చేయించాలి, మొదటి ఏడాది కమీషన్ కూడా నిర్ణయించినంత రావాలి. రెండో ఏడాది స్టైపెండ్ రావాలంటే మొదటి ఏడాది చేసిన పాలసీల్లో 65 శాతం నడుస్తూ ఉండాలి. ఇప్పటికే ఎల్‌ఐసీలో ఏజెంటుగా లేదా ఉద్యోగిగా ఉన్నవారి దగ్గరి బంధువులకు ఇది వర్తించదు. మూడేళ్ల తర్వాత స్టైపెండ్ ఆగిపోతుంది, కమీషనే మిగులుతుంది. స్టైపెండ్ డబ్బును ఇంటి ఖర్చులో కలిపేయకుండా, పెట్రోలుకూ ఫోనుకూ వాడుతూ మూడేళ్లలో నిలిచే పాలసీలు పోగుచేసుకుంటే ఈ పథకం నిజంగా పనికొస్తుంది.

ఒక నెల పరీక్ష

ఫారం నింపే ముందు ఒక నెల ఈ పనులు చేసి చూడండి. ఖర్చు లేదు, ఎవరికీ ఏమీ అమ్మక్కర్లేదు.

1. 50 మంది పేర్లు రాయండి. చుట్టాల పేర్లు కొట్టేయండి. 25 కంటే తక్కువ మిగిలితే ఇంకా పరిచయాలు పెంచుకోవాలి.

2. మిగిలినవారి పక్కన, వాళ్లకు డబ్బు ఏ నెలలో వస్తుందో రాయండి. రాయలేకపోతే వాళ్లు మీకు ఇంకా సరిగా తెలియనట్టే.

3. ఇంటి ఖర్చు లెక్క వేయండి. ఏజెన్సీ నుంచి ఏడాది పాటు ఒక్క రూపాయి రాకపోయినా ఫీజులు, రేషను, ఈఎంఐలు నడుస్తాయా?

4. పదేళ్లుగా పనిచేస్తున్న ఏజెంటును ఒకరిని, మానేసిన ఏజెంటును ఒకరిని కలవండి. మొదటివారిని "మీ పాలసీల్లో ఎన్ని ఆగిపోయాయి?" అని, రెండోవారిని "ఎందుకు మానేశారు?" అని అడగండి.

5. మీ ఇంట్లో ఉన్న పాలసీ బాండు తీసి మొదటి నుంచి చివరి వరకు చదవండి. విసుగొస్తే ఆలోచించుకోండి. రేపు పక్కింటివాళ్లకు అది చదివి చెప్పాల్సింది మీరే.

6. ఎవరైనా "వద్దు" అంటే రెండు రోజులు నిద్ర పట్టని స్వభావమా మీది? ఈ పనిలో పది మందిని అడిగితే ఎక్కువమంది చెప్పేది ఆ మాటే.

షాపు ఉన్నవారు, చీటీలు నమ్మకంగా నడిపినవారు, డ్వాక్రా సంఘంలో లెక్కలు రాసినవారు, రిటైరై పింఛను వస్తున్నవారు ఈ పనిలో త్వరగా కుదురుకోవచ్చు. వీళ్ల దగ్గరికి మనుషులు ఎలాగూ వస్తారు, ఇల్లు గడవడానికి ఇంకో దారి ఉంటుంది. అప్పు తీర్చడానికి వెంటనే డబ్బు కావాల్సినవారు మాత్రం దీన్ని దారిగా అనుకోవద్దు. మొదట చిన్నగా మొదలుపెట్టాలనుకుంటే బైకులు, ఆటోల ఇన్సూరెన్స్ చూడండి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ చట్టప్రకారం తప్పనిసరి. కమీషన్ చిన్నదే అయినా, పాత బండ్ల వాళ్లు గడువు అయిపోయినప్పుడల్లా మళ్లీ రావాల్సిందే. మాట నిలబెట్టుకుంటే వాళ్లే ఇంటి పాలసీ గురించి కూడా అడుగుతారు.

పిల్లలతో కలిసి

ఏడు, ఎనిమిది తరగతుల్లో శాతాలు నేర్పుతాం. పైన ఉన్న లెక్కను ఈ ఆదివారం మీ అబ్బాయితోనో అమ్మాయితోనో కలిసి వేయండి. 24 పాలసీల బదులు 10 పెట్టండి, 8,000 బదులు 5,000 పెట్టండి, ఖర్చు మాత్రం తగ్గించకండి. నెలకు ఎంత మిగులుతుందో వాళ్లనే చెప్పమనండి. ఆ అంకె చూశాక కూడా "చేయగలను" అనిపిస్తే, మీరు ఆలోచించి చేరుతున్నట్టు. అనిపించకపోతే, మీ చుట్టాల డబ్బు, మీ మాట విలువ రెండూ క్షేమంగా ఉన్నట్టు.